తొమ్మిదింటి చావులు

మాంసం కొట్టు హిండిల్ ముసలాయన శవపేటికను బండిలోంచి లాగి నలుగురూ భుజాలకెత్తుకునేదాకా అంతా సవ్యంగానే సాగింది. ముందు వరసలో ఎడమ పక్క క్లైవ్ ఆర్మరాడ్, కుడి పక్క నార్మన్. ఇద్దరిదీ ఒకటే ఎత్తు. మోసేవాళ్ళను ఎత్తు చూసే జత కడతారు. లేకపోతే పెట్టె ఒక పక్కకు ఒరిగి, వెనక నడిచే చుట్టాల గుండెలు గుభేలుమంటాయి. క్లైవ్ చేయి నార్మన్ భుజం మీద, నార్మన్ చేయి క్లైవ్ భుజం మీద. వాళ్ళ ముందు పొడుగాటి నల్లటోపీ పెట్టుకుని అంత్యక్రియల సంస్థ యజమానురాలు మిసెస్ ఎకర్స్‌లీ నిలబడింది. ఆవిడ ఎడమ కాలు కదిలితే అందరి ఎడమ కాళ్ళూ కదలాలి.

ఆ కాలు కదిలేలోపే చర్చి మెట్ల మీద నుంచి ఎవడో అన్నాడు. "ఒరేయ్, వీడు పుడింగ్ కదరా! కుర్చీగాడు!"

పొద్దున్నే రెండు గ్లాసులు పట్టించిన గొంతు అది. పక్కవాడు మోచేత్తో పొడిచాడు కానీ లాభం లేకపోయింది. "ఏం పుడింగూ, ఆ పెట్టె నీదేనా?"

గుంపులోంచి ఇంకెవడో ముక్కుతో సన్నగా జవాబిచ్చాడు. "ఆ పెట్టె నాది కాదు సార్!"

నవ్వు మెట్ల మీద మొదలై గేటు దాకా పాకింది. పిల్లలు నవ్వారు, శవపేటిక మీద పూలు సర్దుతున్న కోడలు నవ్వింది, చివరికి హిండిల్ భార్య కూడా కిసుక్కుమంది. నలభై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషి పెట్టె ముందు తను నవ్విందని తెలిశాక ఆవిడ ముఖంలో రక్తం ఇంకిపోయింది. చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకుని వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. క్లైవ్ ఎదురుగా ఉన్న చర్చి తలుపు మేకుల్ని చూస్తూ నిలబడ్డాడు. ముఖంలో ఏ భావమూ చూపలేదు. కానీ దేవుడు అతనికిచ్చిన ముఖమే అలాంటిది. గుండ్రటి బుగ్గలు, విప్పారిన కళ్ళు, ఇప్పుడే ఎవరో తిట్టినట్టు పైకి లేచి ఉండే కనుబొమ్మలు. పదమూడేళ్ళప్పుడు ఎలా ఉందో యాభై అయిదేళ్ళకీ అలాగే ఉంది. జుట్టొక్కటే పోయింది.

సోమవారం పొద్దున అతను షెడ్డులో శవాల బండి కడుగుతుంటే మిసెస్ ఎకర్స్‌లీ వచ్చి బకెట్టు పక్కన నిలబడింది. వాన రేకుల మీద దబదబా కొడుతోంది. బర్న్‌లీ ఊళ్ళో ఆ నెలంతా అదే వాన.

"హిండిల్ గారమ్మాయి ఫోన్ చేసింది," అంది.

"నేనేమీ అనలేదండీ."

"నువ్వన్నావని ఎవరన్నారు? నీ తప్పేం లేదు క్లైవ్. నీ ముఖానిది తప్పు. దాన్ని నేనేం చెయ్యను చెప్పు? ఏడవడానికొచ్చినవాళ్ళు నవ్వి, నవ్వినందుకు మళ్ళీ ఏడుస్తున్నారు. వాళ్ళమ్మ ఇంకా మంచం దిగలేదట."

క్లైవ్ తోలుగుడ్డను రెండు చేతుల్తో మెలిపెట్టి పిండాడు. తలుపు అద్దం మీద నీటి చారలు మిగలకుండా పైనుంచి కిందికి ఒకే దమ్ములో తుడవాలి. తుడిచాడు.

"వెనక వరసలో వెయ్యండి పోనీ. వెనకనుంటే పెట్టె అడ్డం ఉంటుంది, నా ముఖం కనపడదు."

"క్రితం ఏడు వెనకనే వేశాను. ఏమయింది? ఫొటో తియ్యడానికి వెనక్కొచ్చారు." ఆవిడ గొంతు తగ్గించింది. కఠినమైన మనిషి కాదు, వ్యాపారం చేసే మనిషి. "ఇక మీదట నీకు తొమ్మిదింటివే. మిగతా రోజంతా షెడ్డులో పని చూసుకో. అక్కడైతే నిన్ను చూసేవాళ్ళెవరూ ఉండరు."

తొమ్మిదింటివి అంటే కౌన్సిల్ చేయించే చావులు. నా అన్నవాళ్ళు లేక, ఉన్నా మేం రామన్నాక, ఊరే దహనం చేయించే శవాలు. దహనశాలలో రోజూ మొదటి వేళ, పొద్దున తొమ్మిది గంటలది, వాటికిస్తారు. ఆ పొద్దున్నే వచ్చేవాడెవడూ ఉండడు. పాస్టరు, నలుగురు మోసేవాళ్ళు, పైన తిరిగే పావురాలు. పది నిమిషాల్లో పని ముగుస్తుంది.

ఇరవై ఏళ్ళుగా క్లైవ్ ఈ పని చేస్తున్నాడు. పండ్ల మార్కెట్లో చేశాడు, బస్సు నడిపాడు, అక్కడ ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ టికెట్టుతో పాటు ఓ జోకు కొట్టకుండా వదల్లేదు. ఈ పనిలోకి వచ్చాకే ఊపిరి పీల్చుకున్నాడు. ఇక్కడ నవ్వకూడదు, మాట్లాడకూడదు, పేరు చెప్పకూడదు. నల్లకోటు వేసుకుని పెట్టె కింద భుజం పెట్టిన క్షణాన తను ఎవరూ కాదు. ఆ కాసేపటి కోసమే అతను పొద్దున్నే లేచి బూట్లు అద్దంలా తోమేవాడు. ఇప్పుడదే చేతుల్లోంచి లాక్కున్నారు.

"సరేనండీ," అన్నాడు. తిరగబడడం అతనికి చేతకాదు.

మధ్యాహ్నం నార్మన్ మాంసం కూరిన రొట్టెలు రెండు, వారం పని వేళల కాగితం పట్టుకొచ్చాడు. రొట్టె పొట్టు కోటు మీద రాలకుండా మెడ ముందుకు చాచి తింటూ, "గురువారం తొమ్మిదికి ఒకటుంది. ఎవరో క్లెగ్ అట. ఏడ్రియన్ క్లెగ్. గదిలో పోయి ఎన్నాళ్ళయిందో, కింద కొట్టువాడికి వాసనొచ్చేదాకా తెలీలేదట," అన్నాడు.

క్లైవ్ చేతిలోని రొట్టెను దాని చుట్టుకాగితంలోకి దించేశాడు.

"ఏ క్లెగ్?"

"చెప్పాగా, ఏడ్రియన్. నీ ఈడువాడే. ఏంట్రా, తెలుసా?"

"వాడేరా, కుర్చీ లాగింది."

నార్మన్ నమలడం ఆపేశాడు. "సినిమాలోనా? ఆ అందగాడా? క్లాసు లీడరు? ఒరి నీ! వాడు లండన్లో మేడలు కట్టుంటాడనుకున్నానే నేను! మా అక్క గోడకి వాడి బొమ్మ అంటించుకుందిరా!"

ఆ సినిమాను ఎరగని ఇల్లు ఆ దేశంలో లేదు. సెయింట్ ఆస్బర్ట్స్ అనే పాడుబడిన హాస్టలు బడి, అందులో తిక్క హెడ్మాస్టరు, కోతిమూక. ప్రతి క్రిస్మస్‌కీ టీవీలో వేస్తారు. పుడింగ్ అనే లావాటి కుర్రాడు, అంటే పదమూడేళ్ళ క్లైవ్, కూర్చోబోతే క్లాసు లీడరు వెనకనుంచి కుర్చీ లాగేస్తాడు. వాడు దభీమని పడతాడు. నీ కుర్చీలో ఎందుకు కూర్చోవురా అని మాస్టరు అరిస్తే, నేల మీద నుంచే "ఆ కుర్చీ నాది కాదు సార్!" అంటాడు. సినిమాలో ఇలా చాలాసార్లు జరుగుతుంది. ఆఖరిసారి పడ్డప్పుడు పుడింగ్ వేసే కేక విని నవ్వనివాడు లేడు.

"ఎవరూ రారా వాడికి?" అన్నాడు క్లైవ్.

"తొమ్మిదింటిదిరా బాబూ. వచ్చేవాళ్ళుంటే తొమ్మిదింటిదెందుకవుతుంది?"

ఆ సాయంత్రం క్లైవ్ ఫిలిపాకు ఫోన్ చేశాడు. సినిమాలో ఆమె పక్క బడి నుంచి కిటికీ ఎక్కి వచ్చే జడల పిల్ల. వాళ్ళందరిలో నెంబరున్నది ఆమెదొక్కటే.

"పుడింగా! ఒరేయ్, బతికే ఉన్నావా?"

"ఉన్నాను. చచ్చినవాళ్ళని మోస్తున్నాను."

ఆమె పగలబడి నవ్వింది. అతను హాస్యానికి అనలేదు, కానీ ఏమన్నా అంతే. అతను విషయం చెప్పాడు.

"పాపం ఏడ్రియన్," అంది ఫిలిపా. "తాగుతున్నాడని విన్నాను. మన బ్యాచిలో బాగుపడ్డదెవరులే! గెరైంట్ స్వాన్సీలో కిటికీలు అమ్ముతున్నాడు. ఫోన్ చేశావంటే నీక్కూడా ఓ కిటికీ అంటగడతాడు, జాగ్రత్త. కవలలు గుర్తున్నారా? ఒకతి ఆస్ట్రేలియాలో ఉంది, రెండోదాని దగ్గర ఆమె మాటెత్తితే ఫోన్ పెట్టేస్తుంది. ఆయాగా వేసినావిడ బ్లాక్‌పూల్లో వృద్ధాశ్రమంలో ఉంది. మొన్న వెళ్ళాను. నన్ను డైరెక్టరనుకుని, ఎక్కడ నిలబడమంటారు సార్ అని అడిగింది. రెండు గంటలూ అదే అడిగింది."

"నువ్వో?"

"డ్రైవింగు నేర్పుతున్నా. పదిహేడేళ్ళ వెధవలు క్లచ్చు వదిలి నన్ను చంపుతున్నారు. డైరెక్టరొక్కడే రాజాలా పోయాడు, పేపర్లో పేజీల కొద్దీ పొగిడారు."

"గురువారం రాగలవా ఫిలిపా? ఒక్కళ్ళయినా ఉండాలి కదా. వాణ్ణి ఎరిగినవాళ్ళు."

"అయ్యో, ఆ పొద్దున ఓ పిల్లకి డ్రైవింగు పరీక్షరా. మూడోసారి వెళ్తోంది, నేను లేకపోతే ఏడ్చేస్తుంది. కానీ నాకు తెలిసినవాళ్ళకి చెప్తాలే. ఎవరో ఒకరు వస్తారు. నువ్వు దిగులు పెట్టుకోకు."

ఆమె మాట నిలబెట్టుకుంది. కొంపలు ముంచే మంచితనం అలాగే ఉంటుంది. ఆ సినిమా పిచ్చోళ్ళంతా కలిసి నడుపుకునే ఫేస్‌బుక్ పేజీ ఒకటుంది. ఫిలిపా అందులో రెండు ముక్కలు రాసింది. ఏడ్రియన్ పోయాడు, ఎవరూ లేరు, పెట్టె మోసేది మన పుడింగే అని.

గురువారం పొద్దున బండి దహనశాల గేటు తిరిగేసరికి లోపల కార్లు పెట్టడానికి చోటు లేదు.

"ఎవరిదో పెద్ద చావున్నట్టుందే," అన్నాడు నార్మన్. "మనం వేళ తప్పామా?"

వాళ్ళు వేళ తప్పలేదు. వానలో గొడుగుల కింద జనం బారులు తీరి ఉన్నారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, అందరూ యాభై దాటినవాళ్ళే, తల మీద సినిమాలోలాంటి ఎర్రటి బడి టోపీలు, మెడలో పసుపు చారల టైలు. ఒకడు నిక్కరు వేసుకొచ్చాడు, మోకాళ్ళు చలికి నీలుక్కుపోయాయి. ఒకడు చెక్క కుర్చీని గొడుగులా నెత్తి మీద పెట్టుకుని నిలబడ్డాడు. లీడ్స్ నుంచి, బర్మింగ్‌హామ్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. చెడ్డవాళ్ళు కాదు. చీకటితో లేచి, సొంత పెట్రోలు పోసుకుని వచ్చినవాళ్ళు. పూలు కూడా తెచ్చారు.

బండి దిగిన క్లైవ్‌ను చూడగానే చప్పట్లు మారుమోగాయి.

మిసెస్ ఎకర్స్‌లీ టోపీ పెట్టుకుంటూ ఒక్కసారి అతని వంక చూసింది. "ఇది నీ పనా?" అంది పెదవులు కదలకుండా.

"ఒకళ్ళిద్దరు వస్తే చాలనుకున్నానండీ."

"తర్వాత మాట్లాడుకుందాం," అని ముందుకు తిరిగింది.

పెట్టె తేలిగ్గా ఉంది. ఏడ్రియన్ చివరి రోజుల్లో ఏం తిన్నాడో ఏమో. కౌన్సిల్ వాళ్ళ పెట్టెలకు పిడులు కూడా ఉత్తుత్తివి, పట్టుకుంటే ఊడొస్తాయి. అందుకని అడుగున అరచేయి ఆన్చి మొయ్యాలి. ఎడమ కాలు, కుడి కాలు. రెండు పక్కలా ఫోన్లు పైకి లేచాయి. "పుడింగూ, జారకు!" అని ఎవరో ముద్దుగా అన్నారు. కిలకిలలు వెంట నడిచాయి. నార్మన్ భుజం తన చేయి కింద బిగుసుకోవడం క్లైవ్‌కు తెలిసింది. వాడు నవ్వాపుకుంటున్నాడో కోపమాపుకుంటున్నాడో తెలియలేదు.

లోపల పెట్టెను పీట మీద దించారు. నలుగురూ ఒక్క అడుగు వెనక్కి వేసి తల వంచాలి, మిసెస్ ఎకర్స్‌లీ ఊపిరి వదిలే చప్పుడు విని ఒకేసారి లేపాలి, పక్క తలుపులోంచి వెళ్ళిపోవాలి. బయట ఫ్లాస్కులో టీ ఉంటుంది.

రిటైరైన పాస్టర్ టట్టన్ ఆ జనాన్ని చూసి కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాడు. ఆయన దగ్గర సగం పేజీ ఉంది. ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ పోయాడు, దేవుడు దయామయుడు. అంతే. కాగితం మడిచి, జనం వంక ఆశగా చూశాడు. "ఇందరు వచ్చారు. చాలా సంతోషం. ఏడ్రియన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఒక్క మాట చెప్తే..."

టోపీలు అటూ ఇటూ తిరిగాయి. ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. సినిమాలో వాడి ప్రతి మాటా వాళ్ళకు కంఠతా వచ్చు. వాడికి పెళ్ళయిందో లేదో ఒక్కరికీ తెలియదు. "భలే విలన్ అండీ!" అంది వెనక నుంచి ఒకావిడ. నవ్వారు.

మిసెస్ ఎకర్స్‌లీ ఊపిరి వదిలింది. ముగ్గురు తల లేపి పక్క తలుపు వైపు తిరిగారు. క్లైవ్ తిరగలేదు.

"నాకు తెలుసు," అన్నాడు.

హాలు ఒక్కసారి హోరెత్తింది. "పుడింగ్! పుడింగ్!" కుర్చీ తెచ్చినవాడు దాన్ని నడవలో పెట్టి, దయచెయ్యమన్నట్టు చేయి చూపించాడు. క్లైవ్ చప్పట్లు ఆగేదాకా నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళలో పెట్టె ముందు నోరు తెరవడం అదే మొదలు.

"నేను పడ్డప్పుడల్లా నేల మీద పరిచిన గుడ్డ కింద పరుపు ఉండేది," అన్నాడు. "ఆఖరిసారి లేదు. నిజం అరుపు కావాలని డైరెక్టరు తీయించేశాడు. నాకు చెప్పలేదు. ఏడ్రియన్‌కి చెప్పారు. వాడు కుర్చీ లాగనన్నాడు."

ఎవరో అప్పుడే ముసిముసిగా మొదలుపెట్టారు.

"లాగకపోతే వేరే కుర్రాణ్ణి తెచ్చుకుంటామన్నారు. లాగాడు. నా నడుము కింద ఎముక విరిగింది."

ఘొల్లుమన్నారు. వాళ్ళ తప్పు కాదేమో. వాక్యం చివర అతని గొంతు పైకి లేచి చీలుతుంది, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. కనుబొమ్మలు ఎగిరి ఉన్నాయి. ముందు వరసలో ఒకాయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ తొడ మీద చరుచుకున్నాడు.

"ఆ రాత్రి ఇద్దరికీ ఒకటే గది," అన్నాడు క్లైవ్, ఇంకా గట్టిగా. గట్టిగా అన్నకొద్దీ గొంతు ఇంకా చీలింది. "నేను ఏడవలేదు. వాడేడ్చాడు. తెల్లారేదాకా ఏడ్చాడు. దుప్పటి నోట్లో కుక్కుకుని..."

దుప్పటి అన్నచోట మళ్ళీ నవ్వారు. కొందరికి ఏదో తేడాగా తోచింది, నవ్వు సగంలో ఆగింది, పక్కవాళ్ళు నవ్వుతుంటే మళ్ళీ అందుకున్నారు. "ఆ కుర్చీ ఎవరిది పుడింగూ?" అని అరిచాడొకడు. హాలంతా ఊపిరి బిగబట్టి అతని నోటి వంక చూసింది. ఆ ఒక్క మాట కోసం వాళ్ళు ఇంత దూరం వచ్చారు.

క్లైవ్ పెట్టె వైపు తిరిగాడు. ఒక్కడే తల వంచాడు, ఒక్కడే లేపాడు, పక్క తలుపులోంచి బయటికి నడిచాడు. వెనక చప్పట్లు వానను మించి వినిపించాయి. టీ తాగుతున్న నార్మన్ ఫ్లాస్కు మూత నింపి చేతికిచ్చాడు.

శుక్రవారమంతా అతను పిలుపు కోసం ఎదురుచూశాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. బీరువాలోంచి తన నల్లకోటు తీసి, మెడ దగ్గర బ్రష్షు పట్టి, అప్పగించడానికి మడిచి కూడా పెట్టాడు. శనివారం పొద్దున మిసెస్ ఎకర్స్‌లీ ఆఫీసులోకి పిలిచింది. ఫోన్ రిసీవరు పక్కకు తీసి పెట్టి ఉంది.

"కూర్చో."

"పర్లేదండీ."

"నిన్ను తీసెయ్యాలనే అనుకున్నాను. పెట్టె ముందు మోసేవాడు ఉపన్యాసమివ్వడం మా తాత కాలం నుంచీ ఈ సంస్థలో లేదు." కళ్ళజోడు నెత్తి మీదికి తోసింది. "నిన్నటి నుంచి ఈ ఫోన్ ఆగితే ఒట్టు. నీ వీడియో ఎక్కడెక్కడో చూస్తున్నారట. ప్రెస్టన్ నుంచి ఒకావిడ, వాళ్ళ నాన్నకి నువ్వే కావాలట. ముందు వరసలో. ఆయనకి ఆ సినిమా ప్రాణమట. ఇంకో ఇద్దరు కూడా అడిగారు."

క్లైవ్ మడిచి తెచ్చిన కోటును చంకలోకి మార్చుకున్నాడు.

"ఒకాయనైతే, సమాధి దగ్గర ఓ కుర్చీ వేయిస్తారట. నువ్వు ఊరికే కూర్చోబోయినట్టు చేస్తే చాలట. పడక్కర్లేదు. ఈ రోజుల్లో జనం ఏడుపు వద్దంటున్నారు క్లైవ్, పోయినాయన్ని నవ్వుతూ పంపుదామంటున్నారు. నాకు నచ్చదు, కానీ రోజులు మారాయి." కొంచెం మెత్తబడి అంది. "ముందు వరస పోయిందనేగా నీ దిగులు. ఇదిగో. ఇకనుంచి నీదే."

సోమవారం నాడు ఈ మాట వినడానికి అతను ఏదైనా ఇచ్చేవాడు. హిండిల్ భార్య చేతిరుమాలు గుర్తొచ్చిందో, ముందు వరసలో తొడ చరుచుకున్నాయన గుర్తొచ్చాడో, ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"వాళ్ళు నవ్వింది ఎందుకో తెలుసాండీ?"

"నువ్వు బాగా చెప్పావని."

"నా ఎముక విరిగిందని."

మిసెస్ ఎకర్స్‌లీ బల్ల మీది పెన్ను తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. "అది... నిజమా?"

"నాకు తొమ్మిదింటివే ఉంచండి."

"పిచ్చా నీకు? అవి వారానికి రెండో మూడో. నేను నీకు చెయ్యగలిగిన మేలు చేస్తుంటే... అక్కడ ఒక్క పురుగు ఉండదు, గోడలకి మోస్తావా?"

"అవే ఉంచండి మేడమ్."

బతిమాలుతున్నట్టు లేదు. ఆవిడ అతన్ని చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో ఆ ముఖాన్ని నవ్వురాకుండా చూడడం ఆవిడకూ అదే మొదటిసారేమో. సరేనని తలూపి, రిసీవరు తీసి దాని చోట పెట్టింది. పెట్టగానే మోగింది.

మంగళవారం తొమ్మిదింటికి ఒక ముసలామె. ముప్పై ఏళ్ళు ఏదో మిల్లు క్యాంటీన్లో పనిచేసి రిటైరైందట, పేరు మాబెల్ స్పెన్సర్ పైక్. వాన తెరిపిచ్చింది. దహనశాల ఆవరణలో తోటమాలి రాలిన ఆకులు ఊడుస్తున్నాడు, ఇంకెవరూ లేరు. నలుగురూ పెట్టెను లోపలికి మోశారు, పీట మీద దించారు, తల వంచి లేపారు. ముగ్గురు పక్క తలుపులోంచి బయటికి నడిచారు.

పాస్టర్ టట్టన్ ఖాళీ బల్లల వంక చూసి, అలవాటైన గొంతుతో సగం పేజీ గబగబా చదివేస్తున్నాడు. చలిగా ఉంది, ఆయనకు మోకాళ్ళ నొప్పులు. చివరి లైను దగ్గరికి వచ్చేసరికి బూట్ల చప్పుడు వినిపించి తలెత్తాడు.

క్లైవ్ పక్క తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. కొడుకులూ కూతుళ్ళూ కూర్చునే మొదటి బల్ల మీద, పెట్టెకు ఎదురుగా, కోటు అంచులు సర్దుకుని కూర్చున్నాడు.

"నార్మన్ టీ పోశాడయ్యా, చల్లారిపోతుంది," అన్నాడు పాస్టరు, ఏమనాలో తోచక.

"పోనివ్వండి."

పాస్టరు కాసేపు అతని ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత కళ్ళజోడు సరిచేసుకుని, కాగితం మళ్ళీ మొదటి నుంచి, నిదానంగా చదవడం మొదలుపెట్టాడు.